ప్రసూన వదిలేసిన మాట

సోమవారం ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు, సిద్దిపేట మెదక్ రోడ్డులో, మైత్రి సేవా సంఘం హాలు ఎదురుగా, దేవిక అనే పదేళ్ల పిల్లను డీసీఎం వ్యాను గుద్దింది. వ్యానులో వడ్ల బస్తాలున్నాయి. డ్రైవరు హారన్ కొట్టాడని చూసినవాళ్లందరూ చెప్పారు. పిల్ల వెనక్కి తిరగలేదని కూడా చెప్పారు.

దేవికది తొగుట దగ్గర ఒక ఊరు. అక్కడి సర్కారు బడిలో నాలుగో తరగతి. సంఘం హాల్లో టీచర్లకు శిక్షణ జరుగుతోంది. వాళ్ల ముందు పాఠం చెప్పి చూపించాలంటే పిల్లలు కావాలి కాబట్టి ఆ బడి పిల్లలను ఆటోలో పిలిపించారు. ఆటో రోడ్డుకు అవతలి పక్కన ఆగింది. పిల్లలు వరుసగా దాటారు. దేవిక అందరికన్నా చివర నడిచింది.

శిక్షణ ఇస్తున్నది ఐలీన్. ఐర్లండులో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. జీతం లేదు. టికెట్టు తనే కొనుక్కుని వచ్చింది. ఇక్కడ ఉండే ఇల్లు, తినే తిండి, హాలు, ఆటోలు సంఘం వాళ్లు చూసుకున్నారు. సంఘం అధ్యక్షుడు రాజలింగానికి పాత బస్టాండు దగ్గర స్టీలు సామాన్ల దుకాణం ఉంది. ఐలీన్ ఇంగ్లిషులో చెప్పింది తెలుగు చేసి టీచర్లకు వినిపించే పని కుకునూరుపల్లి టీచరు ప్రసూనకు అప్పజెప్పారు.

గురువారం జరిగింది తెలియకపోతే సోమవారం జరిగింది అర్థం కాదు.

గురువారం దేవరాజు సారు పాఠం చెప్పాడు. దేవిక చదివే బడికి ఆయనే పెద్దసారు. ఈ వేసవికి రిటైరవుతాడు. హాల్లో కూర్చున్న టీచర్లలో చాలామంది ఒకప్పుడు ఆయన దగ్గర పలక పట్టినవాళ్లే. ప్రసూన కూడా. ఆమెను పదో తరగతి తర్వాత మాన్పిద్దామని తండ్రి అంటే ఆయన ఇంటికి వచ్చి, గడపలో కూర్చుని, ఒప్పించేదాకా లేవలేదు.

ఆయన పిల్లల వైపు తిరిగి నీటి పాఠం చెప్తున్నాడు. ఐలీన్ పిల్లల వెనక కుర్చీలో కూర్చుంది. ఆమె ఒళ్లో ఒక స్టీలు పళ్లెం ఉంది. ఆ ఉదయమే రాజలింగం శాలువా కప్పి, సంఘం పేరు చెక్కించిన ఆ పళ్లెం చేతిలో పెట్టాడు. పాఠం మధ్యలో పళ్లెం కింద పడింది. హాలంతా మోగింది. టీచర్లు నవ్వారు.

"మేడమ్‌కు మన స్టీలు బరువైంది," అన్నాడు రాజలింగం.

పాఠమయ్యాక ఐలీన్ లేచి నాలుగు మాటలు చెప్పింది. పాఠం వరుస బాగుందన్నది మొదటిది. ముందు కూర్చున్న పిల్లలే జవాబులు చెప్పారన్నది రెండోది. సారు అన్న మాటనే పిల్లలతో తిరిగి అనిపించడం తగ్గించాలన్నది మూడోది. నాలుగో మాటకు ఆమె గొంతు తగ్గింది. "పిల్లల చివరి వరుసలో, గోడ పక్కన కూర్చున్న అమ్మాయికి చెవులు వినపడవు. పళ్లెం నేను కావాలనే పడేశాను. అందరూ తిరిగారు, ఆమె తిరగలేదు. ఆమెను ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి."

మొదటి మాటను ప్రసూన ఉన్నదున్నట్టు చెప్పింది. రెండోదాన్నీ మూడోదాన్నీ మెత్తబరిచింది. నాలుగో మాట చెప్పలేదు.

రెండేళ్లుగా తన ముందు కూర్చున్న పిల్లకు వినపడదని తెలుసుకోలేని సారు అని, ఆయన శిష్యుల ముందే, ఆయన శిష్యురాలి నోటితో అనిపించడం ఆమెకు చేతకాలేదు. పైగా మొదటి రోజే రాజలింగం ఆమెను పక్కకు పిలిచి చెప్పి ఉన్నాడు. "అమ్మా ప్రసూనా, జర తియ్యగ చెప్పు. ఆమె ఉన్నదున్నట్టు అంటది. గంత కారం మనోళ్లకు పట్టది. రేపటిసంది ఎవ్వరు రారు."

సారు ఒంటరిగా దొరికితే చెబుదామనుకుంది. టీలయ్యాయి. గ్రూపు ఫొటో అయింది. శుక్రవారం సారు హుస్నాబాద్‌లో పెళ్లికి పోయాడు. శనివారం కనిపించాడు గానీ చుట్టూ మనుషులున్నారు. ఆదివారం ఫోన్ చేద్దామనుకుని, ఇది ఫోన్లో చెప్పే ముచ్చట కాదనుకుంది.

సోమవారం పిల్లను దవాఖానకు తెచ్చిన ఆటోలో దేవిక తల ప్రసూన ఒళ్లో ఉంది.

*

మధ్యాహ్నం దాటింది. స్కానింగు గది బయట బెంచీ మీద దేవరాజు సారు, రాజలింగం కూర్చున్నారు. ప్రసూన గోడకు ఆనుకుని నిలబడింది. దేవిక తల్లి లచ్చవ్వ పత్తి చేన్లోంచి అట్లాగే వచ్చింది. కొంగులో ఇంకా పత్తి ఉంది. ఆమె బెంచీ మీద కూర్చోలేదు. గది తలుపు పక్కన నేల మీద కూర్చుంది.

డ్యూటీ డాక్టరు మనీష బయటికి వచ్చింది. లచ్చవ్వ లేచింది.

"కాలు విరిగింది, తొడ దగ్గర. అది అతుక్కుంటది, దాని గురించి భయపడకు," అంది మనీష. "తలకు దెబ్బ తాకింది గానీ స్కానింగుల రక్తం గడ్డ కనిపించలేదు. నన్ను ఇబ్బంది పెడుతున్నది ఇంకొకటి. పిల్లకు తెలివి ఉన్నది. కండ్లు తెరిచి మంచిగ చూస్తుంది. పక్కకు నిలబడి పిలిస్తే పలుకుత లేదు. గట్టిగ చప్పట్లు కొట్టినా తిరుగుత లేదు."

"అంటే ఏందమ్మా?" అన్నాడు దేవరాజు.

"రెండే సార్. ఈ దెబ్బకే వినికిడి పోయి ఉండాలె. అట్లయితే స్కానింగుకు దొరకనిది లోపల ఏదో జరిగినట్టు. నేను ఆగను, ఇప్పుడే హైదరాబాద్ పంపిస్త. తొడ ఎముక ఇట్లుండంగ రెండు గంటలు అంబులెన్సుల కుదిపితే పిల్ల ఓర్వలేదు. అయినా పంపాల్సిందే. లేదంటే, ముందు నుంచే వినబడదు. అప్పుడు కదపకుండ ఇక్కడనే పెట్టుకొని చూస్త." ఆమె లచ్చవ్వ వైపు తిరిగింది. "అమ్మా, నీ బిడ్డకు మంచిగ వినబడుతదా?"

"ఇంటది డాక్టరమ్మా. మంచిగ ఇంటది. నా ముందల కూసోవెట్టుకొని చెప్తే ఒక్క మాట ఇడువది."

"ఎనుక నుంచి పిలిస్తే?"

"గప్పుడు మొండికేస్తది. గది దాని గుణం. వాళ్ల నాయినదీ గదే తీరు."

మనీష దేవరాజును చూసింది. "సార్, బడిల ఎట్లుంటుండె?"

దేవరాజు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "చదువుల జర ఎనుకవడ్డది. అంతే. ఇంకేం మా దృష్టికి రాలే."

ప్రసూన నోరు తెరిచింది. అప్పుడే మెట్ల వైపు నుంచి ఐలీన్ వచ్చింది. పొద్దున పోలీసులు డ్రైవరును తీసుకెళ్లేటప్పుడు ఆమె అక్కడే ఉండి, హారన్ తనకు వినిపించిందని వాళ్లకు చెప్పి, హాలు తాళం వేయించి వస్తోంది. డాక్టరును చూసి నేరుగా ఆమె దగ్గరికి పోయి పళ్లెం సంగతి ఇంగ్లిషులో చెప్పింది. మనీష ఇంగ్లిషులోనే ఒకటి రెండు ప్రశ్నలడిగింది. తర్వాత దేవరాజు వైపు తిరిగింది.

"సార్, పిల్లకు చెవులు వినబడయని ఈమె గురువారమే మీకు చెప్పిందంట. హాలు నిండ టీచర్లు ఉన్నరంట."

"నాకా?" అన్నాడు దేవరాజు. "నాకెవ్వరు చెప్పలే."

"నేను ముందట కుర్చీలనే ఉన్న డాక్టరమ్మా," అన్నాడు రాజలింగం. "గసొంటి మాటే రాలే. మేడమ్ మనసుల అనుకున్నదేమో. పెద్ద వయసు, పరాయి దేశం, ఎండ. యాదిలుండది."

"ఎవ్వరి తప్పో నాకు అక్కర లేదు. ముందు నుంచి వినబడదా, ఇయ్యాల్నే పోయిందా? నాకు గదొక్కటి కావాలె."

అంబులెన్సు డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "మేడమ్, పేషెంటును ఎక్కియ్యాల్నా?"

"ఆగు," అంది మనీష.

ఐలీన్‌కు తెలుగు రాదు. మొహాలు చూసి, సారు కాదంటున్నాడని అర్థమైంది. ఆమె ప్రసూన వైపు తిరిగింది.

"ప్రసూనా, ఆయన్ని అడుగు. గురువారం నేను చెప్పినప్పుడు ఆయన తలూపాడు. నా కళ్లతో చూశాను. విని కూడా ఎందుకు ఊరుకున్నాడో అడుగు. మెత్తగా అడగొద్దు. నేను అన్నట్టే అడుగు."

వారం నుంచి ప్రసూన చేస్తున్న పని ఇదే. ఒకరి మాట ఇంకొకరికి చేర్చడం. ఈ మాటనూ కొంచెం వంచవచ్చు. గురువారం సంగతి మీకు గుర్తుందా అని మేడమ్ అడుగుతోంది, అనవచ్చు. గుర్తు లేదని సారు అంటాడు. గుర్తు లేదట, అని ఇటు చెప్పవచ్చు. ఇద్దరూ ఒకరినొకరు తప్పనుకుంటారు. ఇద్దరికీ ప్రసూన మంచిదే అవుతుంది. అంబులెన్సు కదులుతుంది.

"సార్," అంది ప్రసూన. "మేడమ్ అడుగుతున్నది. 'నేను గురువారం చెప్పినప్పుడు మీరు తలూపిన్రు, నా కండ్లతోని చూసిన, విని కూడ ఎందుకు ఊకున్నరు' అని."

దేవరాజు కళ్లద్దాలను ఇంకోసారి తుడిచాడు.

"మేడమ్ చెప్పింది నిజం సార్. అందరి ముందట చెప్పింది. నేనే మీకు చెప్పలే. మూడు మాటలు చెప్పి నాలుగోది ఇడిచిపెట్టిన."

రాజలింగం బెంచీ మీద నుంచి లేచాడు. "గిప్పుడు గవన్నెందుకమ్మా?"

"మీరే తియ్యగ చెప్పుమన్నరు అన్నా."

"తియ్యగ చెప్పుమన్న. దాచిపెట్టుమన్ననా?"

ప్రసూన ఐలీన్ వైపు తిరిగి ఇంగ్లిషులో చెప్పింది. "ఆయనకు నేను ఆ మాట చెప్పలేదు మేడమ్. పదిమందిలో ఆయన చిన్నబోతాడని వదిలేశాను."

ఐలీన్ ఆమె మొహం చూసింది. "ఈ వారమంతా ఇంకేమేం వదిలేశావు?"

"గుర్తున్నవన్నీ చెప్తాను."

"ఇప్పుడొద్దు," అంది ఐలీన్. బెంచీ చివర కూర్చుంది.

మనీష వాచీ చూసుకుంది. "సరే. మేడమ్ చెప్పింది, మీరు చెప్పలేదు. కానీ మేడమ్ ఎనుక కూసున్నది. పిల్ల మొఖం చూడలే. తల తిప్పలేదన్నంత మాత్రాన వినబడలేదని రాసుకోలేను. పాఠం మీద ధ్యాస ఉండి తిప్పకపోవచ్చు. ఆ పళ్లెం పడ్డప్పుడు పిల్ల మొఖం చూసినోళ్లు ఎవరన్నా ఉన్నరా?"

ఆ రోజు హాల్లో టీచర్లంతా పిల్లల వెనకే కూర్చున్నారు. రాజలింగం కూడా. ప్రసూన పక్కన నిలబడి కాగితంలో రాసుకుంటోంది. పిల్లలకు ఎదురుగా నిలబడ్డది ఒక్కరే.

"నేను చూసిన," అన్నాడు దేవరాజు.

ఆయన కళ్లద్దాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"పళ్లెం వడ్డది. పిల్లలందరు ఎనుకకు తిరిగిన్రు. దేవిక తిరగలే. ఉలిక్కిపడను కూడ పడలే. నా నోటి దిక్కే చూస్తుండె. అందరు తిరిగినంక ఎందుకు తిరిగిన్రా అని పక్క పిల్లను చూసి, గప్పుడు తిరిగింది."

"ఆ రోజే తెలిసిందా సార్?" అంది మనీష.

"గా రోజే తెలిసిందంటే బాగుండు. రెండేండ్లసంది హాజరు పిలుస్తున్న. తలకాయ ఎత్తి పిలిస్తే 'ప్రెజెంట్ సార్' అంటది. వంచి పిలిస్తే పలుకది. నేను బోర్డు దిక్కు తిరిగి చెప్పింది ఒక్కటి రాయది. మొద్దు పిల్ల అనుకున్న. పలుకకుంటే కొట్టిన. తీస్కపోయి ఎనుక కూసోవెట్టిన."

ప్రసూన అంది, "సార్, మేడమ్ చెప్పింది మీకు తెల్వనియ్యలేదు నేను. తప్పు నాది."

"నీది నీకున్నది బిడ్డా," అన్నాడు దేవరాజు. "నేను ఎన్నేండ్లు ఇంగ్లిష్ రీడర్ చెప్పిన? మేడమ్ మాట్లాడే తీరు అందకపోవచ్చు. డెఫ్ అన్న మాట అందదా? నువ్వు నోరు తెరువకముందే నాకు సమజైంది. తలూపింది గందుకే. ఇగ నువ్వు తెలుగుల చెప్తవని చూసిన. నీ మొఖం దిక్కు చూసిన. నువ్వు చెప్పలే. బతికిచ్చినవనుకున్న."

మెట్ల మీద ఎవరో టిఫిన్ డబ్బాతో దిగిపోయారు. ఆ చప్పుడు కింది అంతస్తు దాకా వినిపించింది.

ఐలీన్ అడిగింది. "ఏమన్నాడు?"

ప్రసూన మొత్తం చెప్పింది. కొట్టిన సంగతి, వెనక కూర్చోబెట్టిన సంగతి, బతికిచ్చినవనుకున్న అన్న మాట కూడా. చెప్తున్నంతసేపూ దేవరాజు ఆమె నోటి వైపే చూస్తున్నాడు. అయిపోయాక తలూపాడు.

మనీష నిర్ణయం తీసుకుంది. పిల్లను కదపదు. రేపు చెవుల డాక్టరు వస్తాడు. కాలికి బరువు కట్టి ఇక్కడే ఉంచి గంట గంటకూ చూస్తారు. ఆమె అంబులెన్సు డ్రైవరుకు చెయ్యి ఊపింది. అతను వెళ్లిపోయాడు.

"ఒక్క మాట ఇనున్రి," అంది మనీష అందరితో. "తల దెబ్బ అన్నంక స్కానింగు బాగుంటే సరిపోదు. ఇయ్యాల రేపు కనిపెట్టుకొని ఉండాలె. వాంతి చేసుకున్నా, లేపినా లేవనంత మత్తు వచ్చినా, ఒక్క నిమిషం ఆగొద్దు. నన్ను పిలువున్రి. అప్పుడు హైదరాబాద్ పంపాల్సిందే." ఆమె లోపలికి వెళ్లింది.

లచ్చవ్వ ఇంతసేపూ కొంగులో పత్తిని ఒక్కొక్కటే తీసి ఉండ చేస్తోంది. ఇప్పుడు ఆ ఉండను బెంచీ మీద పెట్టి దేవరాజు ముందుకు వచ్చింది. దేవరాజు లేచి నిలబడ్డాడు.

"కూసోన్రి సార్," అంది. ఆయన కూర్చోలేదు. "మీరు దాన్ని కొట్టిన్రని అది ఏడ్సుకుంట ఇంటికొస్తే, నేను తెల్లారి బడికొచ్చి మీకేమన్న? 'ఇంకో రెండెయ్యున్రి సార్, దాని మొండితనం పోవాలె' అన్న. యాదికున్నదా?"

"ఉన్నది."

"గందుకని మిమ్ములను నేనేమనను. అననీకి నాకు నోరు లేదు." ఆమె ప్రసూన వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా. గా తెల్లామె గా దినం ఏమన్నదో మొత్తం చెప్పు. తియ్యగ చెప్పకు. ఒక్క మాట ఇడువకు."

ప్రసూన చెప్పింది. పళ్లెం కావాలనే పడేసిందని చెప్పింది. అందరూ తిరిగారు, నీ బిడ్డ తిరగలేదు అని చెప్పింది. ఈ వారంలోనే డాక్టరుకు చూపించమందని చెప్పింది.

"వారం అంటే మొన్న శనివారం దాకనా?"

"అవును."

"సదువుకున్నోళ్లు ఇంతమంది ఉంటిరి గాడ," అంది లచ్చవ్వ.

దేవికను పక్క వార్డులోకి మార్చి కాలికి బరువు కట్టాక లచ్చవ్వ లోపలికి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది. బయటి నుంచి మంచం కనిపిస్తోంది. దేవిక మొహం కిటికీ వైపు ఉంది. కాలికి కట్టిన బరువు మంచం చివర వేలాడుతోంది. లచ్చవ్వ మంచానికి ఇవతలి పక్కన, బిడ్డకు కనపడని వైపు ఆగింది.

"దేవికా," అంది.

పిల్ల కదల్లేదు.

"దేవికా. బిడ్డా." ఈసారి గట్టిగా పిలిచింది. పక్క మంచం మీది ముసలాయన తిరిగి చూశాడు. పిల్ల కిటికీనే చూస్తోంది.

లచ్చవ్వ మంచం చుట్టూ తిరిగి కిటికీ వైపుకు పోయింది. స్టూలు లాక్కుని బిడ్డ మొహానికి ఎదురుగా కూర్చుంది.

"దేవికా."

"ఆఁ అవ్వా," అంది దేవిక. "ఎప్పుడొచ్చినవ్?"

బయట ప్రసూన గోడ వైపు తిరిగింది. ఐలీన్ లేచి ఆమె పక్కన నిలబడింది. దేవరాజు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. రాజలింగం ఫోన్ తీసి, సాయంత్రం ముగింపు సభ రద్దయిందని సంఘం వాళ్లకు ఒక్కొక్కరికి చెప్పడం మొదలుపెట్టాడు. దండలు తెమ్మని చెప్పి ఉంచిన పూలాయనకు కూడా ఫోన్ చేశాడు.

మూడు గంటలకు నర్సు వచ్చి చూసింది. బాగానే ఉందంది. నాలుగు గంటలకు మళ్లీ చూసింది. పిల్ల నిద్రపోతోందంది. లేపి చూడమని ప్రసూన అడిగింది. నర్సు భుజం తట్టి లేపింది. దేవిక కళ్లు తెరిచి, తల్లి మొహం వెతుక్కుని, మళ్లీ మూసుకుంది.

దవాఖాన దగ్గర ఉన్న ఒక్క అంబులెన్సు నాలుగున్నరకు ఇంకో పేషెంటుతో హైదరాబాద్ బయలుదేరింది.

ఐదు గంటల పది నిమిషాలకు దేవిక వాంతి చేసుకుంది.